నాలుగో తరగతిలో ఐదు దాకా లెక్కపెట్టడం

ఇది ఒక మహత్తర పరిశోధన గాథ. ఇందులో ఒక తల్లి ఆగ్రహం ఉంది, ఒక అన్యాయపు తీర్పు ఉంది, ఏళ్ల అజ్ఞానాన్ని ఒక్క కాగితం పటాపంచలు చేసిన ఘట్టం ఉంది. నిజానికి అంత లేదు. ఒక పంతులు ఐదు దాకా లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. ఆ పంతులు నేనే.

ఒక జూన్‌లో, బడులు తెరిచిన వారంలోనే, కరీంనగర్ నుంచి వెళ్లి ఆదిలాబాద్ జిల్లాలో పత్తిచేల మధ్య ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో విద్యా వాలంటీరుగా చేరాను. విద్యా వాలంటీరంటే ఖాళీగా ఉన్న టీచరు కుర్చీలో జూన్‌లో కూర్చోబెట్టి, ఏప్రిల్‌లో లేపేసే మనిషి. అలా నాలుగేళ్లు కూర్చుని లేచి, వేరే ఉద్యోగం రావడంతో ముప్పై నిండకముందే రిటైరయ్యాను. ఎవరూ శాలువా కప్పలేదు. ఎండాకాలం కదా, అందుకే అనుకున్నాను.

నాకు అప్పగించింది నాలుగో తరగతి. అందులో అక్షిత అనే అమ్మాయి గోడ పక్కన కూర్చునేది. ఏం అడిగినా పలికేది కాదు. నెల తిరగకముందే మండల వనరుల కేంద్రం నుంచి, అందరూ ఎమ్మార్సీ అనే ఆఫీసు నుంచి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల జాబితా పంపమని ఫారం వచ్చింది. ‘అనుమానిత లోపం’ అన్న గడిలో అక్షిత పేరుకెదురుగా ‘వినికిడి’ అని రాశాను. ఆ ఫారాన్ని బల్ల మీద తెరిచి ఉంచి బయటికి వెళ్లాను. మొదటి బెంచీలో కూర్చునే నితిన్ ధారాళంగా చదువుతాడు. చదవడం వచ్చిన పిల్లవాడు ఎంత ప్రమాదమో ఆరోజు తెలిసింది. మధ్యాహ్నానికల్లా తరగతంతా ఆ పిల్లను చెవిటి అనడం మొదలుపెట్టింది. అక్షిత రెండు రోజులు బడికి రాలేదు. మూడో రోజు వాళ్లమ్మ లచ్చవ్వ వచ్చింది.

“ఏం సార్, మా పొల్ల చెవిటిదని రాసిండ్రట?”

పరీక్ష చేయించడానికే రాశానన్నాను.

“ఏం పరీక్ష సార్? చాక్లెట్ కాగితం ఇప్పితే పక్కింట్లకెళ్లి ఉరికొస్తది. నేను పిలిస్తెనే ఇనపడది. గదేం రోగం గాదు.”

నవ్వొచ్చింది కాని ఆమె నవ్వలేదు. “గా పేరు కొట్టేయండ్రి. చెవిటి చెవిటి అంటుంటె బడికి పోనంటుంది.”

హెడ్‌మాస్టరు రాజయ్య సారు ధర్మపురి మనిషి, అబద్ధపు ధైర్యం చెప్పడు. “ఫారం ఎమ్మార్సీకి పోయింది. మనం రాసుడే గని తీసుడు మన చేతుల లేదు” అన్నాడు. పేరు తీయించే పూచీ నాది అని నేను ఒప్పుకున్నాక లచ్చవ్వ పిల్లను పంపింది.

ఆ వారమే ప్రతి బడీ ఒక చర్యాత్మక పరిశోధన చేయాలని పైనుంచి ఆదేశం వచ్చింది. పేరు చూసి జడవనక్కర్లేదు. టీచరు తన తరగతిలో ఒక సమస్య ఎంచుకోవాలి, ఇప్పుడెలా ఉందో రాయాలి, ఒక్కటంటే ఒక్కటి మార్చాలి, మళ్లీ చూసి రాయాలి. “నువ్వు వయసుల ఉన్నవ్, నీకు పెన్ను ఆగదు గద” అని రాజయ్య సారు నాకే ఇచ్చాడు. ఆ మాట ఫారం గురించేనని అర్థమైంది.

‘అక్షిత ఎందుకు పలకదు’ అని శీర్షిక పెట్టాను. లెక్కలు చెప్పే తాహెరా మేడంను వెనక కూర్చుని ఆ పిల్లను గమనించి రాయమన్నాను. మేడం ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక పీరియడంతా కూర్చుంది. తర్వాత కాగితం చేతికిచ్చింది. అక్షిత గురించి ఒకే ఒక్క లైను ఉంది. మిగతాదంతా నా గురించే.

“తమ్మీ, ప్రశ్న అడుగుతవు, ఒక్క సెకను గూడ ఆగవు. నితిన్ చెప్తడు, లేకుంటె నువ్వే చెప్పుకుంటవు. గా పిల్ల మూడుసార్లు నోరు తెరిచింది. మూడుసార్లు నువ్వు తర్వాతి ప్రశ్నకు ఉరికినవ్.”

“మరి నేనేం చెయ్యాలె మేడం?”

“జర ఊపిరి తీసుకో.”

ఆ క్షణంలో నాలోని పరిశోధకుడు కుప్పకూలిపోయాడని రాయవచ్చు. కాని ఆరోజు మధ్యాహ్న భోజనంలో గుడ్డు. వెళ్లి తిన్నాను.

మార్చాల్సిన ఆ ఒక్కటీ తెలిసిపోయింది. ప్రశ్న అడిగాక ఐదు దాకా మనసులో లెక్కపెట్టాలి, అప్పటిదాకా ఎవరూ చెయ్యెత్తకూడదు. మొదటిరోజు ఆ నిశ్శబ్దానికి పిల్లలు బెదిరారు. “సార్, మర్శిపోయిండ్రా? పుస్తకం ఇయ్యాల్నా?” అని నితిన్ జాలిపడ్డాడు. మనసులోనే లెక్కపెడుతున్నాననుకున్నాను గాని నా పెదవులు కదులుతున్నాయట. మూడోరోజుకల్లా తరగతంతా నాతో కలిసి గొంతెత్తి ఐదు దాకా లెక్కపెట్టసాగింది. తాహెరా మేడం తలుపు దగ్గరికి వచ్చి, “లెక్కలు నావి గద తమ్మీ” అంది.

రెండో వారంలో పరిసరాల పాఠంలో, పంటకు నీళ్లు ఎక్కడినుంచి వస్తాయని అడిగాను. ఒకటి. రెండు. మూడు. నితిన్ తన నోటికి తానే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నాలుగు. ఐదు. అప్పుడు వదిలేశాడు. “కాలువకెళ్లి సార్!” పుస్తకంలో అదే ఉంది. శభాష్ అనబోయి, అలవాటు పడ్డ మనిషిని కదా, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను. నాలుగు దగ్గర గోడ వైపునుంచి గొంతు వినిపించింది.

“మన ఊర్లె కాలువ యాడున్నది?”

అక్షిత నితిన్‌ను చూస్తూ చెబుతోంది. “మా బోరు గూడ ఎండింది. వాన కొడితెనే నీళ్లు. మీ చేన్ల గూడ గంతే గదరా.”

నితిన్ కాసేపు ఆలోచించి, గంతేనన్నాడు. మళ్లీ చూసి రాయడానికి ఆరోజు వెనక కూర్చున్న తాహెరా మేడం కాగితం మీద ‘నాలుగో అంకె’ అని రాసి తేదీ వేసింది. ఆ తర్వాత ఎవరూ ఆ పిల్లను చెవిటి అనలేదు. అనడానికి సందివ్వలేదు కూడా, అంత మాట్లాడేది.

దీన్నుంచి నేను నేర్చుకున్నది ఇది. పిల్ల పలకకపోతే ముందు కొలవాల్సింది పంతులు ఆగిన సమయం. పిల్ల చెవులను కొలవడం ఆ తర్వాతి పని, అది డాక్టరు పని. జాబితాలోని పేరును బడి ఉత్తరంతో తీయరు. దసరా తర్వాత ఆదిలాబాద్‌లో జరిగే శిబిరానికి వెళ్లి, వినికిడి బాగుందని డాక్టరుతో రాయించుకోవాలి. లచ్చవ్వ ఒకరోజు పత్తి ఏరడం మానుకుని వస్తే ముగ్గురం బస్సులో వెళ్లాం. శిబిరానికి ఆధార్ జిరాక్సులు రెండు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు రెండు కావాలి. మేం ఒక్కొక్కటే తీసుకెళ్లాం. మర్నాడు రెండేసి పట్టుకుని మళ్లీ వెళ్లి, డాక్టరుతో రాయించుకొచ్చాం.