రెండు షెల్టర్ల మధ్య యోహాను

కరోనాకి ముందు ఏడాది వేసవి. దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీలో నేను బ్లాస్టర్‌ని. రాతికి వేసిన రంధ్రాల్లో మందు కూరి, మనుషులందరూ బయటికొచ్చారని తేల్చుకున్నాక మీట నొక్కడం నా ఉద్యోగం. ఆ తేల్చుకోవడమే అసలు పని. నొక్కడం ఎవరైనా నొక్కుతారు.

ఆ ఏడు రాతికి రంధ్రాలు వేసే మా డ్రిల్లింగ్ బ్యాచ్‌కీ, పగిలిన రాయి లారీలకెత్తే లోడింగ్ బ్యాచ్‌కీ పడేది కాదు. రాతిదుమ్ము అన్నంలో పడిందని మొదలైన తగువు. డ్రిల్లింగ్ పెద్ద మస్తాను, లోడింగ్ పెద్ద ప్రభుదాసు నెల రోజులుగా ఉప్పూ నిప్పూలా ఉన్నారు. కూర్చోబెట్టి కలపాల్సినవాణ్ణి నేనే. కానీ ఎవడు పడతాడా గోల? చెరో షెల్టరు ఇచ్చేశాను. షెల్టరంటే పేలుడప్పుడు రాళ్ళు మీద పడకుండా తలదాచుకునే ఇనుప గది. ఎవరి మనుషుల లెక్క వాళ్ళే చెప్పమన్నాను. గొడవ సద్దుమణిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒకనాడు డ్రిల్లింగ్‌లో మనిషి తక్కువైతే లోడింగ్ నుంచి యోహానుని పంపాను. మధ్యాహ్నం పేలుడు వేళకి సైరన్ మోగింది. నేను డ్రిల్లింగ్ వాళ్ళ షెల్టర్‌లో ఉన్నాను.

"మావాళ్ళందరూ వచ్చారండీ" అన్నాడు మస్తాను.

"మావాళ్ళూ వచ్చేశారండీ" అని అవతలి షెల్టర్ నుంచి ప్రభుదాసు కేకేశాడు. నా చెయ్యి మీట మీదకి వెళ్ళింది.

"ఆగండి బ్లాస్టరుగారూ" అన్నాడు మస్తాను. మందు దగ్గరికి సెల్‌ఫోన్లు తీసుకెళ్ళకూడదు గనక అందరూ షెల్టర్‌లో పెట్టెలో పెట్టి వెళ్తారు. వచ్చినవాళ్ళు ఎవరిది వాళ్ళు తీసుకున్నాక ఆ పెట్టెలో యోహాను ఫోను మిగిలిపోయింది. అతను తలుపులోంచి తల బయటపెట్టి, నెల తర్వాత మొదటిసారి పిలిచాడు.

"ఒరేయ్ ప్రభుదాసూ, యోహాను నీ దగ్గరున్నాడా?"

"నా దగ్గరెందుకుంటాడ్రా? పొద్దున్నుంచీ నీ దగ్గరేగా."

"అన్నానికి మీ దగ్గరికే వచ్చాడనుకున్నాన్రా."

మీట తాళం పీకి జేబులో వేసుకునేసరికి వాళ్ళిద్దరూ క్వారీలోకి పరిగెడుతున్నారు. మందు కూరిన రంధ్రాల పక్కనే బండ నీడన పడి ఉన్నాడు యోహాను. వడదెబ్బ. కళ్ళు తెరిచే ఉన్నాయి, నోట మాట లేదు. సైరన్ విన్నాడట, లేవలేకపోయాడు. చెరో భుజం పట్టి మోసుకొచ్చారు.

యోహాను పదిహేను రోజులకి పనిలోకొచ్చి, నన్ను నెమ్మదిగా అడిగాడు. "ఆవేళ నన్ను ఎవరి లెక్కలో వేశారండీ?"

"ఇద్దరూ అవతలివాళ్ళ లెక్కలో వేశారు యోహానూ." అతని మొహంలోకి చూడలేకపోయాను. తిలాపాపం తలా పిడికెడంటారు గానీ, ఇందులో పెద్ద పిడికెడు నాదే.

పోట్లాడుకోవడం మానేస్తే మనుషులు కలిసి పనిచేస్తున్నట్టు కాదని ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నాకు అప్పుడు తెలిసింది. అతను అడిగిన మర్నాడే ఒకటే షెల్టరు చేశాను. ఎవరి పేరు వాళ్ళు చెప్పకూడదు. ఈ బ్యాచ్ మనిషిని ఆ బ్యాచ్ మనిషి మొహం చూసి పిలవాలి.

ఆ రోజు మొదటి పేరు మస్తాను పిలిచాడు. "యోహానూ."

"ఉన్నానన్నా."

ఆ మాట విన్నాకే నేను రెండో పేరుకి వెళ్ళమన్నాను.