ఒంటిగుండీ వచ్చిందా?

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. గుండీలాయన ఎక్కడంటే చాలు, చెప్పుల షాపు పక్క సందులో మెట్ల కింద ఇరుకు గది చూపిస్తారు. ఆయన టైలరే. బాగానే కుడతాడు కూడా. కానీ బట్ట మీద ఎంత ధ్యాసో, దానికి పెట్టే గుండీ మీద అంతకు పదింతలు. కొలతలివ్వడానికి వచ్చిన మనిషి మొహం చూడడు, ముందు తొడుక్కొచ్చిన చొక్కా గుండీలు చూస్తాడు.

"ఈ మూడోది తరవాత పెట్టించినట్టున్నారే? దీని ఊరే వేరు" అంటాడు. వచ్చినవాళ్ళు తెల్లమొహం వేసుకుని తమ పొట్ట తాము చూసుకుంటారు.

గదిలో ఒక గోడంతా అట్టపెట్టెలే. ఒక్కో పెట్టెలో ఒక్కో రకం గుండీలు. ప్రతి పెట్టె ముందు భాగాన, లోపలున్న వాటిలోంచి ఒకటి తీసి దారంతో కుట్టి ఉంచుతాడు. పని నేర్పిన గురువు దగ్గర అబ్బిన అలవాటది. బయట కుట్టిన గుండీ చూస్తే లోపలేముందో తెలిసిపోతుంది. పెట్టెలన్నీ దించి, మూతలు తీసి, బల్ల మీద కుమ్మరించి ఏరుకునే బాధ లేదు.

"ఇంట్లో పెళ్ళాం తిరగాల్సిన చోట పెట్టెలు పేర్చుకున్నాడు నా తమ్ముడు" అంటుంది వాళ్ళక్క. మొగుడు పోయిన దగ్గర్నుంచీ తమ్ముడి దగ్గరే ఉంటుంది. కాజాలు కుట్టేది ఆవిడే. సూది ఎంత చురుకో, నోరూ అంత చురుకు.

ఆవిడ కూతురు ఒక ఆఫీసులో కంప్యూటర్ల బాగోగులు చూస్తుంది. మేనమామ ముచ్చట తెలిసిన పిల్ల కాబట్టి, గుండీల కోసం ఒక వెబ్‌సైటు తయారుచేసి పెట్టింది. ఒక్కో గుండీకి ఒక్కో పేజీ: ఫోటో, కొలత, ఎన్ని కన్నాలు, దేంతో చేశారు. దాని కింద ఎవరైనా రెండు ముక్కలు రాయొచ్చు. ఇదంతా దాచేదాన్ని డేటాబేస్ అంటారని చెప్పింది. "పెద్ద పెట్టె అన్నమాట" అన్నాడు గుండీలాయన, అర్థమైపోయినట్టు. రాసేవాళ్ళని ఊరూ పేరూ అడగొద్దన్నాడు. గుండీ కోసం వచ్చినవాళ్ళని గోత్రాలడిగితే ఏం మర్యాద? ఏదో ఒక ముద్దుపేరు పెట్టుకుని రాసుకుంటే చాలు.

అలా వచ్చిన మనిషే ఒంటిగుండీ.

మొదటిసారి ఒక ఫోటో పెట్టింది. వాళ్ళమ్మ పొడుగు కోటు. ముదురు ఆకుపచ్చ గుండీలు, నడుమ చిన్న శంఖం చెక్కడం. ఆరుండాలి, అయిదే ఉన్నాయి. కింద ఇలా రాసింది: "ఆకుపచ్చ అంటే అందరూ ఆకు రంగువి చూపిస్తున్నారండీ. ఇది చెరువు అడుగు రంగు. దొరికితే చెప్పండి, ఎంత దూరమైనా నేనే వచ్చి తీసుకుంటా. పోస్టులో మాత్రం పంపకండి. మళ్ళీ తప్పిపోతే ఏడవడానికి మా అమ్మకి ఓపిక లేదు."

చెరువు అడుగు రంగు! ఆ మాట చదివి గుండీలాయన కత్తెర కింద పెట్టేశాడు. రంగుని అలా చూసే మనిషి ఇంకొకరు ఉన్నారని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

తరవాత ఆవిడ మిగతా గుండీల పేజీల్లోనూ రాయడం మొదలుపెట్టింది. కొమ్ముతో చేసిన గుండీ చూసి, "వీణ్ణి చూస్తే మా లెక్కల మాస్టారే, అంత సీరియస్సు" అనేది. ఆయన, "మాస్టారికి నాలుగు కన్నాలుండవు కదండీ" అని జవాబు రాసి, రాసినందుకు తనే సిగ్గుపడి, రోజంతా లోపల్లోపల నవ్వుకునేవాడు. ముసురు పట్టినప్పుడు రాసేది. వాళ్ళమ్మ తిట్టినప్పుడు రాసేది. ఆవిడకి వయసెంతో, పెళ్ళయిందో లేదో ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మధ్యలో ఆ గుండీ ఒక్కటే ఉంది, దొరకనిది.

ఉన్నట్టుండి రాయడం మానేసింది.

వర్షాలు పోయాయి, ఎండలు వచ్చాయి. ఆవిడ జాడ లేదు. సరిగ్గా అప్పుడే, అల్లరి దేవుడెవరో కావాలని చేసినట్టు, గుండీ దొరికింది. పాత బట్టల మూటలో చిరిగిన రెయిన్‌కోటు ఒకటి వచ్చింది. జేబు లోపలి వైపు ఎవరో చేతికందింది కుట్టేశారు: చెరువు అడుగు రంగు, నడుమ శంఖం. గుండీలాయన ఫోటో తీసి పేజీలో పెట్టి, "దొరికిందండీ. రండి" అని మాత్రం రాశాడు.

ఎవరూ రాలేదు.

పైపెచ్చు సైటు ఈడ్చుకుంటూ నడవడం మొదలైంది. పేజీ తెరిస్తే తెల్లగా ఉండి, మధ్యలో చక్రం గిరగిరా తిరుగుతూనే ఉండేది. రోజూ వచ్చే గడియారాల మెకానిక్ ఒకాయన మొహమాటం లేకుండా రాశాడు: "టీ పెట్టుకుని, తాగి, కప్పు కడిగి వచ్చానయ్యా. నీ గుండీ ఇంకా చొక్కా తొడుక్కుంటోంది." ఒక్కొక్కరూ రావడం మానేశారు. దానికి ఆయన పెద్దగా బాధపడలేదు. ఆయన గుండెలో గుచ్చుకున్న సూది వేరే. ఒంటిగుండీ వచ్చి, తలుపు తట్టి తట్టి, తెరుచుకోక తిరిగి వెళ్ళిపోయిందేమో!

మేనకోడలికి ఫోన్ చేశాడు. సెలవు రోజున ఆ పిల్ల ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చింది.

"ముందు ఈ ఫోటోలు చూడు మావయ్యా! ఒక్కోటి గోడకి అంటించేంత ఉంది. ఇంతింత ఎందుకు పెట్టావు?"

"కన్నంలో దారం ఒరుసుకున్న గీత కనపడొద్దూ?"

"కనపడ్డానికి ముందు పేజీ తెరుచుకోవాలిగా!"

కూర్చుని ఫోటోలన్నీ చిన్నవి చేసింది. మళ్ళీ తెరిచింది. చక్రం తిరుగుతూనే ఉంది. సైటు నడిచే కంప్యూటరు అద్దెకిచ్చినవాళ్ళకి ఫోన్ చేసి అడిగింది. మా వైపు అంతా సవ్యంగానే ఉందన్నారు వాళ్ళు.

"కొత్తది కొనిపారెయ్యండి, పీడా పోతుంది" అంది కాజా కుడుతున్న అక్క.

"కొనేదేం కాదమ్మా ఇది, ఉండు" అని ఆ పిల్ల ఒక్క ఫోటో కూడా లేని పేజీ తెరిచి చూసింది. అదీ అంతే సేపు పట్టింది. "చూశావా? బరువు ఫోటోలది కాదు. ఏ పేజీ తెరిచినా, లోపల ఏదో ఒకే పని జరుగుతోంది."

ఆ పేజీలను నడిపించే రాతలన్నీ ముందేసుకుని ఒక్కో వరుసా చదువుకుంటూ పోయింది. పోయి పోయి ఒకచోట ఆగింది.

"మావయ్యా, ఈ ముక్క నేను రాయలేదే. ఎవరు రాశారు?"

గుండీలాయన సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆ సూదిలో దారం ముందే ఉంది.

"సైటులో చిన్న చిన్న మార్పులు చేసుకోవడం నువ్వే నేర్పావుగా, ఆ మధ్య. నేనే... ఊరికే..."

"ఏంటే అది? చదువు" అంది అక్క, కళ్ళజోడు పైకి తోసుకుని.

"ఎవరు ఏ పేజీ తెరిచినా సరే, సైటు మొదలైన రోజు నుంచి అందరూ రాసిన మాటలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివి, అందులో 'ఒంటిగుండీ' అనే మనిషి కొత్తగా ఏమైనా రాసిందేమో చూడమని ఉంది. చూశాక పేజీ పైన ఒక మాట వస్తుంది, 'వచ్చింది' అనో 'రాలేదు' అనో. అది కనిపించేది మావయ్యకి ఒక్కడికే. వెతకడం మాత్రం ఎవరొచ్చినా వెతుకుతుంది. మనుషులు రాస్తున్న కొద్దీ మాటలు పెరిగాయి, వెతుకులాట పెరిగింది. అందుకే ఇంత నెమ్మది."

అక్క చేతిలో కాజా పక్కన పెట్టేసింది.

"ఒరేయ్" అంది అక్క. "ఊరందరినీ వీధిలో నిలబెట్టి, నువ్వు లోపల ఒకత్తి కోసం వెతుక్కుంటున్నావన్నమాట! ఎప్పుడూ అవుపించని మనిషి కోసం! నోట్లో నాలుక లేనివాడివనుకున్నానురా, కడుపులో ఇంత ఉందా?"

"నువ్వూరుకో అక్కా."

"నేనూరుకుంటే కుట్లు ఊడతాయి" అని గొణిగింది గానీ, ఆవిడా ఊరుకుంది.

మేనకోడలు మెల్లగా అంది, "తీసేస్తే ఒక్క క్షణంలో బాగైపోతుంది మావయ్యా."

"తియ్యకు."

"సరే. తియ్యక్కర్లేదు. ఆ గోడ చూడు. నీ పెట్టెలన్నిటికీ బయట గుండీ కుట్టావు కదా? ఈ పెద్ద పెట్టెకి కుట్టలేదు. అందుకే ప్రతిసారీ మొత్తం కుమ్మరించి ఏరుతోంది. ఎవరి మాటలు ఎక్కడున్నాయో బయట ఒక గుర్తు పెట్టేస్తా. రెప్ప వేసేలోపు చెప్పేస్తుంది."

గుండీలాయనకి గురువు నేర్పిన మొట్టమొదటి పని అది. అన్ని పెట్టెలకీ చేశాడు. దీనికి చెయ్యాలని తట్టలేదు.

"ఏం మావయ్యా, ఆలోచిస్తున్నావు?"

"ఏం లేదే. ఆ చక్రం తిరుగుతున్నంతసేపూ... రాలేదని ఇంకా అనలేదు కదా. ఆ కాసేపూ వచ్చిందేమో అనే ఉంటుంది. నువ్వు బాగుచేశావనుకో, తెరవగానే మొహాన కొట్టినట్టు చెప్పేస్తుంది."

ఆ పిల్ల కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. బలవంతం చెయ్యలేదు. ఆయనే గోడ వైపు చాలాసేపు చూసి అన్నాడు.

"కుట్టెయ్ తల్లీ. ఆవిడ బయటే నిలబడి ఉందేమో. నా కాసేపటి కోసం ఆవిణ్ణి నిలబెట్టడం న్యాయం కాదు."

బాగైంది. ఫోను మీద వేలు పెట్టడం ఆలస్యం, గుండీ ఎదురుగా వచ్చి నిలబడుతోంది. గడియారాల మెకానిక్ "ఇప్పుడు టీ తాగడానికే తీరిక లేకుండా చేశావు" అని రాశాడు. పాతవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. పైన ఆ మాట కూడా అంతే చురుగ్గా వచ్చేది: రాలేదు. పొద్దున తెరిస్తే రాలేదు. ప్యాంటు మడత కుట్టి తెరిస్తే రాలేదు. ఇదివరకు రోజుకోసారి తెరిచే మనిషి ఇప్పుడు కుట్టుకోసారి తెరుస్తున్నాడు. అక్క చూసీ చూడనట్టు తల తిప్పుకునేది.

ఒక మధ్యాహ్నం సందంతా చిత్తడిగా ఉంది. ఎవరిదో కోటు అస్తరు విప్పుతూ అలవాటుగా వేలు పెట్టాడు. పైన ఇంకో మాట ఉంది. ముందు కళ్ళకి ఆనలేదు. మళ్ళీ చూశాడు.

వచ్చింది.

ఆకుపచ్చ గుండీ పేజీలో, ఆయన "రండి" అన్న మాట కింద, ఆవిడ రాసింది:

"గుండీలాయన గారూ, ఇవాళ తెరుచుకుంది మీ పేజీ. ఆస్పత్రిలో అమ్మ మంచం పక్కన కూర్చుని చాలాసార్లు తెరిచాను. చక్రం తిరుగుతూ ఉండేది. అమ్మ నా భుజం మీంచి చూసి, ఏమిటే అది అనేది. మన గుండీ వెతుకుతున్నారమ్మా అనేదాన్ని. పాపం ఎంత ఓపికో అనేది. అమ్మని ఆ కోటులోనే పంపించాం. అయిదు గుండీలు, ఒక పిన్నీసు. తరవాత కూడా తెరిచి చూశాను, మీరు కొట్టు కట్టేశారనుకున్నాను. మీకు దొరికింది మా గుండీయే. రంగు చూడగానే తెలిసింది. ఇప్పుడు దాన్ని పెట్టడానికి నా దగ్గర కోటు లేదు. మీ దగ్గరే ఉండనివ్వండి. ఎప్పుడైనా ఒకసారి వచ్చి చూసుకుంటాను."

గుండీలాయన అది చదివి, అస్తరు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. ఆవిడ తెరిచిన ప్రతిసారీ లోపల సైటు పనిగట్టుకుని వెతికింది ఆవిడ కోసమే. మనిషి గుమ్మంలో ఉండగా, ఇల్లంతా ఆ మనిషినే వెతుకుతూ తలుపు తియ్యలేదు.

సాయంత్రం మేనకోడలికి ఫోన్లో చెప్పాడు.

"ఎందుకు నెమ్మదించిందో ఆవిడకి చెప్తావా మావయ్యా?"

"రాతలో కాదు. వచ్చినప్పుడు చెప్తా."

"పేజీ మళ్ళీ తెరిస్తే 'రాలేదు' అనే వస్తుంది. చదివేశావు కదా, కొత్త మాట లేదని."

"తెలుసులే. రానీ."

జవాబు రాయడానికి ఆయనకి ఒక చొక్కా కుట్టేంత సేపు పట్టింది. రాసి చెరిపి, రాసి చెరిపి, చివరికి మిగిలింది ఇంతే: "కొట్టు కట్టెయ్యలేదండీ. సందులోకి రాగానే మెట్ల కింద గది. తలుపు తీసే ఉంటుంది."

తరవాత కొత్త అట్టపెట్టె ఒకటి మడిచి, దాని ముందు ఆ ఆకుపచ్చ గుండీ పెట్టి కుట్టాడు. అక్క వచ్చి పెట్టె తీసి చెవి దగ్గర ఊపింది. చప్పుడు లేదు.

"ఖాళీ పెట్టెకి గుండీ ఏంట్రా? ఆ కుట్టేంటి, అలా వేలాడుతోంది? ముడైనా వెయ్యలేదు! పని నేర్చుకునే రోజుల్లో కూడా ఇలా కుట్టలేదు నువ్వు."

"అది కచ్చాకుట్టు అక్కా."

"అదే, ఎందుకంట?"

"ఆవిడొచ్చి అడిగితే ఒక్క లాగుతో వచ్చెయ్యాలి."

అక్క నోరు తెరిచింది. మళ్ళీ ఏమనుకుందో ఏమో, పెట్టెని గోడ మీద పై వరుసలో కాకుండా, గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి ఎదురుగా కనిపించేలా కింది వరుసలో తనే పెట్టి, కాజాలు కుట్టుకోవడానికి వెళ్ళిపోయింది.