పసుపు రాళ్ళ దారి

మున్సామి అంకుల్‌కి సైకిలు తొక్కడం రాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. బ్రెన్నన్స్ గ్యాప్ కొండల మీద సైకిళ్ళ దారి వేసింది ఆయనే అంటే, వినేవాళ్ళు మొదట అడిగేది అదే మరి. రాదు. ఎక్కితే ఎడమవైపు పడతాడు. అయినా ఆ దారి వేసింది ఆయనే, కాదన్నవాళ్ళతో నేను ఇప్పటికీ పోట్లాడతాను.

బ్రెన్నన్స్ గ్యాప్ ఆస్ట్రేలియాలో, విక్టోరియా కొండల్లో చిన్న ఊరు. ఒక కలప మిల్లు, ఒక పబ్బు, పదహారు మంచాల ఆసుపత్రి. ఆ ఆసుపత్రిలో నేను నర్సుని. మా ఆయన సమూయేలు అక్కడి స్కూల్లో లెక్కలు చెప్పేవాడు. బాపట్ల నుంచి వచ్చిన మాకు, ఆ ఊళ్ళో బయట తెలుగు మాట వినబడుతుందన్న ఆశ ఏ కోశానా లేదు. 1988 చలికాలంలో ఒక పెద్దాయన బొటనవేలు తెగి, గుడ్డ చుట్టుకుని వచ్చాడు. కార్డు మీద మున్సామి అని ఉంది. కుట్లు వేస్తూ వేస్తూ, ఉండబట్టలేక, "తెలుగు వచ్చాండీ?" అన్నాను.

ఆయన నొప్పి మరిచిపోయాడు. "మా తాత తెచ్చినాడు పాపా, ఓడలో. ఇంకా మా ఇంట్లో ఉండాది," అన్నాడు.

ఆ తాత చిత్తూరు వైపు నుంచి చెరుకు పనికి ఫిజీ వెళ్ళినవాడు. మున్సామి అక్కడే పుట్టి, ముప్ఫై ఏళ్ళు కొండవాలు మీద చెరుకు పండించాడు. కౌలు నేల. 1987లో సైన్యం అక్కడి ప్రభుత్వాన్ని పడగొట్టాక, ఆ కౌలూ వదులుకుని, భార్య మునమ్మతో ఇటు వచ్చేశాడు. మిల్లులో చెక్కలు పేర్చే పని దొరికింది. మనిషి బంగారం, కానీ ఒక్క జబ్బు ఉంది. ఇల్లు బాగుందంటే "అద్దెది పాపా" అనేవాడు. పెరట్లో వంకాయలు బాగా కాశాయంటే "నేల ఇల్లుగలోళ్ళది" అనేవాడు. 'నాది' అన్న మాటని ఫిజీలోనే పాతేసి వచ్చినట్టుండేవాడు. నాకు ఒళ్ళు మండేది. మునమ్మ ఆంటీకి మాత్రం అలవాటైపోయింది.

1990లో ఊళ్ళోకి లావు టైర్ల సైకిళ్ళు వచ్చాయి. మిల్లు ఫోర్‌మన్ మెర్వ్ వాటి కోసం క్లబ్బు పెట్టాడు. ఊరి వెనక రెండు లోయలు, వాటి పైన చెట్లు లేని పెద్ద బయలు. అక్కడంతా మోకాలెత్తు పొదలు, పొదల నడుమ ఏడాది పొడుగునా నీళ్ళు తాగి కూర్చునే నాచు. ఆ నాచు ఒకసారి చిరిగితే మన జన్మలో మళ్ళీ అతుక్కోదు. ఆ బయలు నేషనల్ పార్కు వాళ్ళది. వాళ్ళు మెర్వ్‌కి ఒకే ఒక్క అవకాశం ఇచ్చారు. దారి వేసుకోవచ్చు, 91 నవంబరులో ఒక పందెం పెట్టుకోవచ్చు. పందెం అయ్యాక వచ్చే సోమవారం పార్కు రేంజర్ వచ్చి దారంతా నడుస్తాడు. నాచు చెదిరినా, దారి కోసుకుపోయినా మూసేస్తారు. ఇక మళ్ళీ అడగడానికి లేదు.

మెర్వ్ మ్యాపు మీద స్కేలు పెట్టి తిన్నగా గీత గీశాడు. శనివారాలు పలుగూ పారా పట్టడానికి వచ్చినవాళ్ళలో మున్సామి ఒకడు. ఆ గీత చూసి తల అడ్డంగా ఊపాడు. ఆయనకి ఇంగ్లీషు అంతంత మాత్రం. నన్ను పిలిపించాడు.

"చెప్పు పాపా వాళ్ళకి. ఇట్ల నేరుగా దించితే అది దోవ గాదు, కాలవ. వాలుకి అడ్డంబడి పోవాల. ఆ నాచు జోలికి పోనే గూడదు."

నేను చెప్పాను. రెండు కిలోమీటర్లు పెరుగుతుందని మెర్వ్ అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. మున్సామి వాదించలేదు. "వాన రానీ," అని మాత్రం అన్నాడు.

ఆ రోజు నుంచి వాన పడితే అందరూ ఇళ్ళల్లోకి, ఆయన కొండమీదికి. చేతిలో నల్లగొడుగు, భుజాన పార. మెర్వ్ ఒకసారి ఆసుపత్రికి వచ్చి, "సిస్టర్, ఆయన ఆరోగ్యం బాగానే ఉందా?" అని గుసగుసగా అడిగాడు. నీరు పల్లమెరుగు అంటారు మనవాళ్ళు. ఫిజీలో ఈయన వాలు మీద అడ్డంగా వట్టివేరు గడ్డి నాటి, వానలో నిలబడి, మట్టి ఎక్కడ కదులుతోందో కళ్ళారా చూసి, తెల్లారి అక్కడ పార వేసేవాడట. ఇక్కడా అదే పని. ఒకరోజు నేనూ గొడుగేసుకుని వెంట వెళ్ళాను. మెర్వ్ మనుషులు తవ్విన తిన్నని దారిలో ఎర్రటి బురద ఉరుకుతోంది. మున్సామి అడ్డంగా గీరిన కొత్త ముక్కలో మాత్రం నీళ్ళు నాలుగు అడుగులు నడిచి, బుద్ధిగా లోయవైపు తప్పుకుంటున్నాయి. నేను మిల్లుకి పోయి మెర్వ్‌ని చెయ్యి పట్టి లాక్కొచ్చాను. అతను టోపీ తీసి చాలాసేపు తల గోక్కున్నాడు. తర్వాత మ్యాపు చింపి జేబులో పెట్టుకున్నాడు.

పద్నాలుగు నెలలు పట్టింది. లోయల్లోకి దిగే చోట, నీళ్ళు తప్పుకోవడానికి, దారిలో సగం దాకా ఏటవాలుగా రాళ్ళు పాతాడు. మొత్తం నలభై ఒకటి, ఒక్కోటి గుమ్మడికాయంత. సైకిలు రాయి పక్కనుంచి పోతుంది, నీళ్ళు రాయికి తగిలి బయటికి పోతాయి. పాతిన ప్రతి రాయికీ పసుపు పూసి కుంకుమబొట్టు పెట్టేవాడు. పొలంలో మడవ దగ్గర రాయికి తాత నాటి నుంచీ అలాగే చేసేవారట. వానకి కడుక్కుపోకుండా మునమ్మ ఆంటీ పసుపుని నూనెలో కలిపి ఇచ్చేది. నేను చర్చికి వెళ్ళే మనిషిని. అయినా ఆ రాళ్ళని చూస్తే నాకూ కాలు పక్కకి పోయేది.

"ఇంగ్లీషులో ఒక బోర్డు రాసిపెడతావా పాపా, రాళ్ళు కదిలించొద్దని?" అని ఆయన అడిగాడు.

"ఎందుకు అంకుల్? పసుపూ కుంకుమా పెట్టిన రాయిని ఎవరన్నా ముట్టుకుంటారా?" అన్నాను. ఆయన కూడా నిజమేనన్నాడు. ఆ ఊళ్ళో పసుపంటే కూరపొడి తప్ప ఇంకేమీ కాదని మా ఇద్దరికీ తట్టలేదు.

పందెం శనివారం. గురువారం ఊరి కౌన్సిల్ పనివాళ్ళు అడ్డాలు తీసి శుభ్రం చేయడానికి వెళ్ళారు. తీసేయాల్సిన వాటికి పసుపురంగు గుర్తు పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఇక్కడ చూస్తే పసుపు రాళ్ళు, మధ్యలో ఎర్రచుక్క కూడా. ఇంత చక్కగా గుర్తులు పెట్టి ఎవరో సాయం చేశారనుకుని, నలభై ఒక్క రాళ్ళూ గునపంతో పెళ్ళగించి, తోపుడుబండ్ల మీద దించి, లోయ అడుగున కుప్పపోశారు. పనిలో పనిగా దారి మాత్రం నున్నగా ఊడ్చారు.

కబురు తెచ్చింది మెర్వే. అతని మొహం పాలిపోయింది. శనివారం పెద్దవాన అని రేడియోలో చెప్పారట. పందెం ఆపేస్తే మళ్ళీ అనుమతి రాదు. రాళ్ళు లేకుండా పెడితే దారి కోసుకుపోతుంది. ఎటూ పోయేది ఆ దారే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నేను అప్పుడు కూర్చుని బోర్డు రాయడం మొదలుపెట్టాను. అక్షరాలు వంకర పోయాయి. ఏడుపొచ్చింది. పద్నాలుగు నెలల చాకిరీని నా ఒక్క మాటతో మట్టి చేశాను కదా అని నా మీద నాకే అసహ్యం వేసింది.

మున్సామి నన్ను తనతో రమ్మన్నాడు. కొండెక్కి, మొదటి గుంత దగ్గర గొంతుక్కూర్చుని, లోపల అరచెయ్యి పెట్టి చూశాడు.

"రాళ్ళు పోయినాయి గానీ వాలు పోలా," అన్నాడు. "గుంతలు ఉండాయి. ఏ రాయి ఏ గుంతదో నాకు తెలుసు. మోసేదానికి మనుషులు గావాల పాపా, అంతే."

మనుషులు శుక్రవారం పొద్దున్నే వచ్చారు, మెల్‌బోర్న్ నుంచి, సైకిళ్ళూ డేరాలూ వేసుకుని. మెర్వ్ డేరా డేరాకీ వెళ్ళి, రాయి మొయ్యనివాడికి పందెం లేదని చెప్పాడు. ఎనభై రెండు మంది. ఇద్దరికో రాయి, గోనెసంచిలో వేసుకుని, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఎక్కారు. మున్సామి పైన నిలబడి, సంచి విప్పగానే రాయి మొహం చూసి, "దేర్... దిస్ వన్ దేర్," అని వేలు చూపించేవాడు. ఒక్కటి తప్పితే ఒట్టు. వెనకాల మునమ్మ ఆంటీ పసుపు పూస్తుంటే, కుంకుమ నేను పెట్టుకుంటూ వచ్చాను. మా పాస్టరుగారు చూస్తే ఏమనేవారో గానీ, నా తప్పు దిద్దుకోవడానికి ఆ రోజు నాకు అంతకంటే దారి కనిపించలేదు. పొద్దు వాలేలోపు నలభై ఒకటీ కుదురుకున్నాయి. నా వంకర బోర్డుని మెర్వ్ దారి మొదట్లో కొట్టాడు.

శనివారం వాన దంచింది. పందెం జరిగింది. ఎవరు గెలిచారో మున్సామికి ఇవాళ్టికీ తెలీదు. దిగుడు మలుపు దగ్గర గొడుగేసుకుని నిలబడి, సైకిళ్ళని కాదు, వాటి కింద నీళ్ళని చూశాడాయన.

సోమవారం రేంజర్ వచ్చాడు. పొడుగాటి మనిషి, మాట పొదుపు. మెర్వ్, మున్సామి, నేను వెనకాలే నడిచాం. బయలు మీద నాచు దగ్గర ఒంగి చూశాడు. చెక్కు చెదరలేదు. లోయలోకి దిగాం. దారి మీద చక్రాల గీతలున్నాయి తప్ప కోతలు లేవు. మొదటి పసుపు రాయి దగ్గర, గట్టిగా ఉందో లేదో చూడడానికి బూటు ఎత్తాడు. ఏమనుకున్నాడో, దించేశాడు. కూర్చుని చేత్తో నొక్కి చూశాడు. రాయి కదల్లేదు. అతని అరచెయ్యంతా పసుపయింది. బోర్డులో నేను కదిలించొద్దని రాశాను గానీ, కాలు పెట్టొద్దని రాయలేదు.

"ఈ దారి ఎవరిది?" అని అడిగాడు.

క్లబ్బు పేరు చెప్పడానికి మెర్వ్ నోరు తెరిచాడు. ఈలోగా మున్సామి ఒక అడుగు ముందుకేశాడు.

"మైన్," అన్నాడు.

మెర్వ్ నోరు మూసుకున్నాడు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి, గర్వంతో, ఎందుకు దాచుకోవాలి? రేంజర్ లేచి, ఆ పసుపు చెయ్యే చాపి, "అయితే దీన్ని బాగా చూసుకోండి, తెరిచే ఉంచుతున్నాం," అన్నాడు.

ఇంటికి వెళ్ళి మునమ్మ ఆంటీకి ముందు నేనే చెప్పాను. ఆమె రొట్టెలు చేస్తోంది. దారి నిలిచిందన్న సంగతికి తల ఊపింది గానీ, ఆయనన్న మాట మాత్రం నమ్మలేదు.

"ఈయప్ప నోటితోనా? నాది అన్నాడా?"

అన్నాడన్నాను. పిండిచేతులు కొంగుకి తుడుచుకుని, పొయ్యి ఆపి, నా ఎదురుగా వచ్చి కూర్చుని, మళ్ళీ మొదట్నుంచీ చెప్పమంది.