ఒడిలో గిన్నెకోడి గుడ్లు

డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చి మా వాడ కోళ్లన్నింటినీ ఊడ్చుకుపోయింది. వరంగల్‌లో మా ఇంటి వెనక పెరట్లో, పొద్దున్నే గంప ఎత్తగానే తవుడు కోసం నా కాళ్ల చుట్టూ కొట్లాడుకునే కోళ్లు మెడలు వాల్చి ఒకదాని వెనక ఒకటి పోయాయి. మిగిలింది ఒక్క ఎర్రపెట్ట. అది ఎలా బతికిందో దానికే తెలియాలి. చచ్చినవాటిని మా అత్తమ్మే మోసుకెళ్లి గోడ పక్కన గుంటలు తీసి పూడ్చింది. ఎవరూ చూడటం లేదనుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను చూశాను.

మర్నాడే ఆమె తీర్పు చెప్పేసింది.

"ఇగ ఈ ఇంట్ల కోళ్లు వద్దు. సాదుడెందుకు, సచ్చినంక ఏడ్సుడెందుకు? పెరట్ల ఒక అర్ర ఏస్త. కిరాయికిస్త."

మాట అన్నదంటే చేసే మనిషి. వారం తిరక్కుండా ఇటుకల బండి వచ్చింది. మేస్త్రీ తాడు పట్టి పెరడంతా కొలిచి, చేతిలో ఉన్న పని ముగించుకుని వస్తానని చెప్పి పోయాడు.

నాకు కడుపు మండిపోయింది. నేను ములుగు అవతల అడవి పల్లెలో పుట్టినదాన్ని. కోడి కూయకపోతే నాకు తెల్లారినట్టే ఉండదు. కొత్త కాపురానికి వచ్చినప్పుడు వంటిల్లు అత్తమ్మది, ముందుగది మామయ్యది, మంచం మీద సగం మా ఆయనది. ఆ పెరడు ఒక్కటే నాది. దాని మీద గోడ లేపుతామంటే ఎలా ఊరుకుంటాను?

"అత్తమ్మా, ఒక్కపారి గిన్నెకోళ్లు పెట్టి సూద్దాం. వాటికి రోగం అంత జల్ది తాకది," అన్నాను.

"పెట్టు. గుడ్లు పిల్లలైతే పెరడు నీదే. కాకపోతే మేస్త్రీ పునాది తీస్తడు, నువ్వు నోరు మూసుకోవాలె."

ఆ వారమే బస్సెక్కి అమ్మగారింటికి పోయాను. గిన్నెకోళ్లంటే మా ఊళ్లో ఇంటికి కాపలా. నల్లటి ఈకల మీద తెల్ల చుక్కలు, బోడి తల, కొత్త మనిషి గడప తొక్కితే ఊరంతా లేచేలా అరుపు. గుడ్లను తవుడు నింపిన డబ్బాలో దాచి, తిరుగు బస్సులో ఒళ్లో పెట్టుకున్నాను. గుంత వచ్చినప్పుడల్లా డబ్బాను రెండు చేతులతో పైకెత్తి పట్టుకునేదాన్ని. పక్కన కూర్చున్నామె "డబ్బాల నెయ్యున్నదా బిడ్డా?" అని అడిగింది. గుడ్లని చెబితే దిష్టి తగులుతుందని అవునన్నాను.

ఇంటికి వచ్చేసరికి ఎర్రపెట్ట తన గుడ్ల మీద అప్పుడే పొదుగుకు కూర్చుంది. వాటి పక్కనే నావీ సర్దాను. ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా గడ్డిలో ఒక ఇనుప ముక్క, ఒక బొగ్గు కూడా పెట్టాను. అంతా పద్ధతి ప్రకారమే, ఒక్కటి తప్ప. గిన్నెకోడి గుడ్డుకు కోడిగుడ్డు కంటే మరో వారం పొదుగు కావాలి. మా అమ్మ ఎప్పుడూ ముందు వీటిని పెట్టి, వారం గడిచాకే కోడిగుడ్లు కలిపేది. మేస్త్రీ వస్తాడన్న తొందరలో నాకది తట్టలేదు.

ఎర్రపెట్ట తన పిల్లలను వెంటేసుకుని గంపలోంచి దిగి దర్జాగా నడిచిపోయినప్పుడు తట్టింది. గిన్నెకోడి గుడ్లు గడ్డిలో అలాగే ఉన్నాయి. దాన్ని పట్టుకొచ్చి కూర్చోబెడితే నా చెయ్యి పొడిచింది. పిల్లలు బయట కీచుకీచుమంటుంటే ఏ తల్లి మాత్రం కూర్చుంటుంది? ఇంకో పొదుగుకోడిని తెద్దామంటే తెగులు వాడలో దేన్నీ మిగల్చలేదు.

సరే, నేనున్నాను కదా అనుకున్నాను. మెత్తటి పాతచీర ముక్కలో గుడ్లు చుట్టి కడుపుకు ఆనించి కట్టుకుని గోడకు చేరబడ్డాను. తప్పనిసరిగా లేవాల్సి వస్తే, పొయ్యి పక్కన గోరువెచ్చటి తవుడు కుండలో వాటిని దించి, పని కాగానే మళ్లీ కట్టుకునేదాన్ని. మిల్లు నుంచి వచ్చిన మా ఆయన నన్ను చూసి చెప్పులు విప్పడం కూడా మరిచిపోయి నవ్వాడు. అత్తమ్మ అయితే వాకిట్లో చేరిన అమ్మలక్కలందరికీ చెప్పింది.

"మా కోడలు పొదుగుకు కూసున్నది. ఎన్ని పిల్లల్ని దించుతదో సూడాలె!"

నవ్వుకునేవాళ్లను నవ్వుకోనిచ్చాను. నేను సిగ్గుపడి లేస్తే చల్లబడేవి గుడ్లు. వంటపని అత్తమ్మ మీద పడి ఆమె గిన్నెలు ఎత్తి పడేస్తున్నా చెవిన వేసుకోలేదు.

కానీ రోజులు దగ్గరపడేకొద్దీ నాలోనే గుబులు మొదలైంది. లోపల ప్రాణం ఉందా, మురుగునీళ్లను మోస్తున్నానా? ఒక మధ్యాహ్నం ఆ మాట పైకే అని ఏడ్చేశాను.

"ఏడిస్తె తెలుస్తదా?" అంటూ అత్తమ్మ లేచింది. వెడల్పాటి గిన్నెలో నీళ్లు వెచ్చబెట్టి, మోచెయ్యి ముంచి వేడి చూసుకుంది. నా నడుము కట్టు తానే విప్పి గుడ్లను ఒక్కొక్కటిగా నీళ్లలో వదిలింది. పిల్ల బతికుంటే గుడ్డు నీళ్లలో కదులుతుంది. మొదటిది ఊరికే తేలింది. రెండోదీ అంతే. మూడోది ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు కదిలింది. దాని పక్కది కూడా. తర్వాత ఇంకోటి.

అత్తమ్మ నా ముఖం చూడలేదు. కదిలినవాటిని తీసి, పొడిగా తుడిచి, తన ఒళ్లో కొంగు కింద పెట్టుకుంది.

"నువ్వు పోయి ఇంత బువ్వ తిను. ముఖం పీక్కపోయింది."

నేను తిని వచ్చినా ఆమె తిరిగి ఇవ్వలేదు. "జరసేపు పండుకో," అంది. ఆనాటి నుంచి ఆమె కొంతసేపు, నేను కొంతసేపు.

మేస్త్రీ గడ్డపార భుజాన వేసుకుని వచ్చేసరికి గుడ్లు ఆమె ఒళ్లోనే ఉన్నాయి. పెరటి తలుపు దగ్గర నిలబడి అతను గట్టిగా కేకేశాడు.

"పెద్దమ్మా! పునాది తియ్యమంటవా?"

అప్పుడే ఒక గుడ్డు పెంకు చిట్లి ముక్కు కొన బయటపడింది. అత్తమ్మ దాని చుట్టూ రెండు చేతులూ అడ్డం పెట్టింది. తల ఎత్తకుండానే మెల్లగా అంది.

"సప్పుడు జెయ్యకు బిడ్డా. పిల్ల బయటికస్తాంది."