లేవకుండా ఉండటం నేర్పిన మాత్ర

రిటైరైన మరుసటి ఏడు నా బీపీ మూడు రకాల మాత్రలకూ లొంగలేదు. జనక్‌పురిలో మా ఇంటికి దగ్గర్లోని ఆసుపత్రిలో ఒక కొత్త మందును పరీక్షిస్తున్నామని, చేరతారా అని అడిగారు. ఆల్ఫా బ్లాకర్ల జాతిదే, బిగుసుకున్న రక్తనాళాలను సడలిస్తుందట. ఇంకా షాపుల్లోకి రాలేదు. కాగితాలన్నీ హిందీలో, ఇంగ్లీషులో ఉన్నాయి. మా ఆవిడ వాటిని నాచేత రెండుసార్లు తెలుగులో చెప్పించుకుని, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయవచ్చన్న మాట దగ్గర స్థిమితపడి, సంతకం పెట్టమంది.

మొదటి మాత్ర ఆసుపత్రిలోనే మింగించారు. లేచి నిలబడితే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు, మంచం దిగవద్దని నర్సు హిందీలో గట్టిగా చెప్పింది. బుద్ధిగా తలూపాను. గంటన్నర తరువాత డాక్టరమ్మ లోపలికి వచ్చింది. నేను ముప్ఫై నాలుగేళ్లు కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసినవాణ్ణి. గదిలోకి అధికారి వస్తే నా కాళ్లు నన్ను అడగవు. లేచాను. నమస్కారం సగంలో ఉండగానే కళ్లు చీకట్లు కమ్మాయి. తేరుకునేసరికి నేల మీద కూర్చుని ఉన్నాను, నర్సు నా వీపు పట్టుకుని ఉంది.

డాక్టరమ్మది వరంగల్లు. నన్ను పడుకోబెట్టి, బీపీ కుదుటపడ్డాక అప్పుడు నవ్వింది.

"నాకోసం లేవకుండ్రి అంకుల్. మా పెద్ద డాక్టర్ వచ్చినా సరే, కూసొనే నమస్తే పెట్టుండ్రి."

మాత్ర మింగడం కంటే అదే కష్టమైంది. ఇంట్లో మా ఆవిడ మంచం పక్కన కాపలా నిలబడి, కాళ్లు కిందికి వేసి రెండు నిమిషాలు కూర్చునేదాకా నన్ను కదలనిచ్చేది కాదు.

ఆ చలికాలం మా పెన్షనర్ల సమావేశానికి ఒకప్పటి మా డైరెక్టరుగారు వచ్చారు. అందరూ లేచారు. నేను కూర్చునే నమస్కరించాను. చెవులు వేడెక్కాయి. ఆయన నేరుగా నా దగ్గరికే వచ్చి ఒంట్లో బాగాలేదా అని అడిగారు. సంగతి చెబితే పక్క కుర్చీ లాక్కుని, అరగంట సేపు తన బీపీ గురించి చెప్పుకున్నారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నది లేదు.

నా బీపీ దిగింది. కానీ పాత మందుల కంటే ఇది మెరుగేమీ కాదని తేలి, కంపెనీ పరీక్షలు ఆపేసింది. డాక్టరమ్మ అదే జాతిలోని పాత మాత్ర రాసింది, అదీ బాగానే పనిచేస్తోంది. అయినా నాకు కొంచెం దిగులేసింది.

"పోన్లెండి, ఏదో ఒక కాయితంలో మీ పేరుంటుందిగా," అంది మా ఆవిడ.

పరీక్షలో చేరినవాళ్ల పేర్లు ఆ కాయితాల్లో వేయరు, నంబరే ఉంటుందన్నాను.

"నంబరైనా మీదేగా," అంది.