మామగారి పరుపు మీద పుట్టింటి పిల్లి

కాపురానికి నాతోపాటు వచ్చిన సామానులో అత్తమ్మకు నచ్చనిది ఒక్కటే, పిల్లి. అలంపూర్‌లో మా అవ్వ దాన్ని మూత ఉన్న వెదురు బుట్టలో పెట్టి నా ఒళ్లోకి నెట్టింది. "కొత్త ఇంట్ల నీకు తెలిసిన ముఖం ఒక్కటన్న ఉండాలె బిడ్డా" అంది. రైలెక్కింది మొదలు వనపర్తి రోడ్డు స్టేషన్ వచ్చేదాకా అది అరుస్తూనే ఉంది. నేను ఏడవలేదు. ఇద్దరి వంతూ అదే ఏడ్చింది.

మామగారు వనపర్తిలో సర్కారు కచేరీ గుమాస్తా. ఆయన ముందుగదిలో పరుపు మీద కూర్చునే తీరు చూస్తే మాత్రం ఆ కచేరీయే మా ఇంట్లో అద్దెకుంటోందేమో అనిపించేది. పరుపు మీద ఎప్పుడూ తెల్ల దుప్పటి. దాని మీద మామగారు తప్ప, మామగారి కన్నా పెద్దవాళ్లు తప్ప ఇంకెవరూ కూర్చోకూడదు. వెనక పెరట్లో మట్టి కనిపిస్తే పల్లెటూరివాళ్లనుకుంటారని, నేను కాపురానికి రావడానికి కొద్దిగా ముందే గోడ నుంచి గోడ దాకా బండలు పరిపించారట.

పిల్లికి మట్టి కావాలి. గోకాలి, పని చూసుకోవాలి, మళ్లీ కప్పెట్టాలి. మనుషుల్లో అందరికీ అబ్బని మర్యాద అది. గోడ దాటితే వీధికుక్కలు. అందుకని పగిలిన బాన అడుగు ఒకటి వెతికి, అందులో వాగు ఇసుక పోసి పెరటి మూలన పెట్టాను. పిల్లి వచ్చి వాసన చూసింది, చుట్టూ తిరిగింది, లోపలికి దిగింది. అంతే, ఇంకెవరూ ఏమీ నేర్పాల్సిన పని పడలేదు. రోజూ పొద్దున పాడైన ఇసుక తీసి పారేసి కొత్తది పోసేదాన్ని. వానాకాలం అలా బాగానే గడిచింది.

ఒకరోజు అత్తమ్మ పెరటి గడపలో నిలబడి చూసింది.

"రోజూ ఇసుక మారుస్తవానే? పిల్లికి గింత సేవనా? మా కాలంల కోడండ్లు అత్తల కాళ్లు పిసుకుతుండిరి."

"వాసనొస్తది అత్తమ్మా."

"వస్తే రానీ. వారానికొకపారి మార్చు, చాలు."

ఇసుక సంగతి అలా తేలింది. బాన సంగతి మామగారు తేల్చారు. వీధి తలుపు తెరిచి, మధ్య తలుపు తెరిచి, పెరటి తలుపు కూడా తెరిస్తే వచ్చినవాళ్లకు బాన కనపడుతుందట. మూడు తలుపులూ ఒకేసారి ఎవరు తెరుస్తారని అడిగేంత కొత్తగా లేను నేను, అడిగేంత పాతబడనూ లేదు. బానను గిన్నెలు తోమేచోటికి జరిపించారు. తోమిన నీళ్లన్నీ అందులో చిందేవి. ఇసుక బురదై కంపు కొట్టేది. పిల్లి వచ్చి అంచున నిలబడి, ఒక కాలు పెట్టి, తీసి విదిలించి, నా ముఖం వైపు చూసి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ముందుగది పరుపు మీద తెల్ల దుప్పటి నడిమధ్యన పచ్చటి మరక కనిపించింది.

ఆ ఇంట్లో అంతవరకూ అంత గట్టిగా మాట్లాడుకోగా నేను వినలేదు. "మీ అలంపూర్ల గిట్లనే నేర్పిస్తరా?" అంది అత్తమ్మ. ఆ ప్రశ్న పిల్లికి కాదు. మా అమ్మ పెంపకం, మా అవ్వ గారాబం, మా ఊరి నీళ్లు అన్నీ ఆ మరకలోనే కనిపించాయి ఆవిడకు. దుప్పటి నాచేత ఉతికించి, పరుపు మైలపడిందని ఆవు పంచితం తెచ్చి చల్లింది. ఒక పశువు పోసినదాన్ని ఇంకో పశువు పోసినదానితో శుద్ధి చేశాం. నేను నోరు మూసుకున్నాను. ముక్కు మూసుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు.

పిల్లి మళ్లీ అక్కడే పోసింది. దానికి ఆ వాసన పోలేదు మరి. మామగారు దాని మెడ పట్టుకుని ముక్కును మరకకు రుద్దారు. చెప్పు విసిరారు. పరుపు చుట్టూ కారప్పొడి చల్లించారు, తర్వాత అది మరిచిపోయి తానే వచ్చి కూర్చుని పూటంతా తుమ్మారు. పాన్‌గల్ నుంచి ఒక మంత్రగాడొచ్చి దిష్టి తగిలిందని పిల్లి మెడకు నల్లదారం కట్టి, కడుపునిండా భోజనం చేసి వెళ్లాడు. పిల్లి ఆ దారంతో సాయంత్రం దాకా ఆడుకుని తెంపేసింది. ఆ తర్వాత మామగారు తలకు చుట్టుకునే రుమాలు కూడా దానికి పనికొచ్చింది.

"బాన మళ్లీ మూలకు పెడ్దాం అత్తమ్మా, రోజూ ఇసుక మారుస్త, నాకేం కష్టం లేదు" అన్నాను ఒకసారి ధైర్యం చేసి.

"అంటే ఏందే? పిల్లి చెప్పినట్టు మేం వినాల్నా?"

ఇంతలో నాగర్‌కర్నూల్ నుంచి మామగారి కచేరీకి కొత్త పెద్దసాబు బదిలీ అయి వచ్చాడు. మామగారు ఆయన్ను చాయ్‌కి పిలిచారు. ఆ పొద్దున పరుపు మళ్లీ తడిసింది. వేరే పరుపు లేదు, ఉతికే వేళా లేదు. మామగారు దుప్పటి మార్పించి, పెట్టెలోంచి అత్తరు సీసా తీసి పరుపంతా చిలకరించారు. మల్లెపూల బుట్టలో చచ్చిన ఎలుకను దాచినట్టుంది గది.

పెద్దసాబు వచ్చి పరుపు మీద కూర్చున్నాడు. నేను మధ్య తలుపు వెనక చాయ్ పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఒకసారి ముక్కు ఎగబీల్చాడు. కొంచెం పక్కకు జరిగి మళ్లీ ఎగబీల్చాడు.

"ఏం అత్తరు ఇది? ఎక్కడిది?"

"గద్వాల నుంచి తెప్పించిన హుజూర్. ఖాస్ మాల్" అన్నారు మామగారు.

"గట్లనా? గీ అత్తరు మా ఇంట్ల గూడ ఉండె. మా పిల్లి ఉత్తగనే ఇస్తుండె."

నవ్వు ఆపుకోలేక పళ్లెంలో సగం చాయ్ నా చీర మీదే పోసుకున్నాను. పెద్దసాబు కోపమేమీ చూపలేదు, మిగిలిన చాయ్ తాగే వెళ్లాడు. కానీ మర్నాటి నుంచి కచేరీలో మామగారు కనపడగానే ఎవరో ఒకరు "అత్తరు ఎట్లున్నదండీ?" అని అడిగేవారట.

మామగారు గోనెసంచి తెప్పించారు. "దీన్ని పెబ్బేరు సంతల ఇడిచిపెట్టి రా" అని కొడుకుతో అన్నారు. మా ఆయన మాట్లాడే మనిషి కాదు. ఏదైనా చెప్పాలంటే ముందు దగ్గు వచ్చేది, చాలాసార్లు దగ్గుతోనే ఆగిపోయేది. ఆ రోజూ దగ్గారు.

నేను తలుపు ఇవతలికి వచ్చాను. మామగారి ముందు నేను నిలబడి మాట్లాడింది అదే మొదటిసారి. 

"దాన్ని పంపిస్తే నన్ను గూడ పంపుండ్రి మామా. ఇద్దరం అలంపూర్ నుంచే వచ్చినం."

"పోతే పో" అన్నారాయన. ఆ మాట అన్నాక వెనక్కి తీసుకోవడం ఆయన హోదాకు తగదు. నేను బుట్ట తెచ్చి పిల్లిని అందులో పెట్టాను. అత్తమ్మ అడ్డం రాలేదు. మా ఆయన ఇంకోసారి దగ్గి, "స్టేషన్ దాంక నేను దింపొస్త" అన్నారు. ఎవరి పక్షమో ఆ మాటలో తెలియలేదు. బుట్ట మాత్రం ఆయనే మోశారు.

అలంపూర్‌లో తుంగభద్ర ఒడ్డు ఇసుకంతా పిల్లిదే. మా ఇంట్లో ఒక్క చుక్క పోయలేదు. "ఏం చేసిన్రే దీనికి?" అని అవ్వ అడిగితే బాన కథంతా చెప్పాను. "నిన్ను గూడ గట్లనే చూస్తున్నరా?" అంది. నేను లేచి పిల్లికి పాలు పోశాను. అవ్వ మళ్లీ అడగలేదు.

జొన్నలు ఇంటికి చేరిన కొన్నాళ్లకు మా ఆయన వచ్చారు. అరుగు మీద కూర్చుని నీళ్లు తాగి, దగ్గి, మొదలుపెట్టారు.

"జొన్నల గుమ్మి కింద ఎలుకలు పొక్కలు పెట్టినయి. నాయిన షేర్వానీ చెయ్యి కొట్టేసినయి. యుద్ధం దినాలు, గసొంటి గుడ్డ మళ్ల దొర్కదు. అమ్మ తోల్కరమ్మన్నది."

"ఎవర్ని? నన్నా, పిల్లినా?"

"ఇద్దర్ని."

"ముందుగాల ఎవరిని అన్నది?"

ఆయనకు అబద్ధం చేతకాదు. గడప వైపు చూస్తూ, "పిల్లిని" అన్నారు.

నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి ఆయనా నవ్వారు. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదలు.

"పెరట్ల మూలకు బండలు లేపాలె. ఇసుక పోయాలె. గట్లయితేనే వస్తం."

"నేనే లేపుత" అన్నారు. ఈసారి దగ్గు లేదు.

అన్నట్టే, వనపర్తి చేరిన మర్నాడు గడ్డపార తీసుకుని పెరటి మూలన బండలు లేపారు. మామగారు గుమ్మంలో నిలబడి చూశారు. పక్కింటాయన గోడ మీంచి తొంగిచూసి ఏమిటని అడిగితే, "ముందునుంచి అనుకుంటున్న, ఇంటికి జర మట్టి ఉండాలె. ఆరోగ్యం" అన్నారు. పాత పరుపు దూది ఊరి బయట తగలబెట్టించారు. అత్తమ్మ ఇసుక గురించి ఇంకేమీ అనలేదు, ఎలుకలు ఆవిడ నోరు కట్టేశాయి. పిల్లి ఆ మూల దాటి ఇంకెక్కడా పాడు చేయలేదు.

తర్వాతి కథంతా మామగారిది. పిల్లిని దారికి తెచ్చింది తానేనని చెప్పుకున్నారు. ఊళ్లో ఎవరింట్లో పిల్లి చెడిపోయినా ఆయన దగ్గరికే వచ్చేవారు. కొత్త పరుపు మీద బాసింపట్టు వేసుకుని, జానవర్లకు తమీజ్, అంటే పశువులకు మర్యాద, నేర్పడమెలాగో చెప్పేవారు. చూపు ఎట్లా ఉండాలి, గొంతు ఎట్లా ఉండాలి, అంతా చెప్పేవారు. ఇసుక మాట మాత్రం చెప్పేవారు కాదు. ఒకాయన అవన్నీ చేసి చూసి, తడిసిన దుప్పటితో సహా తిరిగొచ్చి, లాభం లేదండీ అన్నాడు.

మామగారు దుప్పటి వైపు జాలిగా చూశారు.

"నీ పిల్లిది ఖాందాన్ మంచిది కాదయ్యా" అన్నారు.