మూతకింద చప్పుడు

షామీర్‌పేట రోడ్డు మీద గండయ్య ట్రాలీని దాటిపోని బండి లేదు. గడ్డి వేసుకొచ్చే ట్రాక్టరు కూడా హారన్ కొట్టి మరీ ముందుకు పోతుంది. ఆయన పట్టించుకోడు. వెనక ట్యాంకులో కొర్రమీనులుంటాయి. కుదుపుకు బెదిరితే ఎగిరి మూతకు కొట్టుకుంటాయి. అందుకే స్పీడ్ బ్రేకర్ వస్తే పచ్చి బాలింతను ఎక్కించుకున్నట్టు దాటిస్తాడు. ముందురోజే మేత మాన్పిస్తాడు, ట్యాంకు మీద తడి గోనె కప్పుతాడు. ఇంత చాకిరీ తూంకుంట దుకాణంలో చేప కొట్టుకుంటూ కనబడాలని. కనబడగానే దాన్ని కోయించుకుపోతారు. అది తలచుకుంటే ఆయనకు విసుగొస్తుంది.

ఈ మధ్య విసుగు కంటే అలుపే ఎక్కువైంది. కొడుకు పరమేశ్ కుత్బుల్లాపూర్‌లో కంపెనీ పనికి పోయాక ఎత్తడం, దించడం అన్నీ ఒక్కడి మీదే పడ్డాయి. చేపలు రెండుమూడుసార్లు చచ్చాయి కూడా. మేడ్చల్ దగ్గర చేపల కుంటలున్న, ఈ ట్రాలీ యజమాని జనార్ధన్ కోప్పడకుండానే చెప్పాడు.

"ఇంకోపారి సస్తే బండి కుంటల కాడ పనిజేసే హరీష్‌కిస్త, గండయ్యా. మనసుల వెట్టుకోకు."

మనసులో కాక ఇంకెక్కడ పెట్టుకుంటాడు?

ఆ పొద్దున చేపల్ని ట్యాంకులో వేసి, నీళ్ల పైపు పెట్టి గట్టున కూర్చున్నాడు. కన్నంటుకుంది. లేచేసరికి ఆలస్యమైందన్న కంగారులో పైపు లాగేసి, మూత బిగించి బయలుదేరాడు.

షామీర్‌పేట దాటాక ఏదో తక్కువైనట్టనిపించింది. వెనక చప్పుడు లేదు. కొర్రమీను మాటిమాటికీ పైకొచ్చి గాలి మింగాలి. అందుకే ట్యాంకులో సగానికే నీళ్లు పోసి, పైన గాలికి జాగా వదులుతారు. అవి గుబుక్కుమంటుంటే వింటూ ఇన్నేళ్లు బండి తోలాడు. ఇవాళ పైపు పెట్టి నిద్రపోవడంతో ట్యాంకు అంచుదాకా నిండిపోయింది. నీళ్లెక్కువై చేపలు ఊపిరాడక చస్తున్నాయి.

బండి పక్కకు ఆపి అడుగున నల్లా తిప్పాడు. రోడ్డంతా తడిపేశావని కారులో ఒకాయన తిట్టిపోయాడు. మూత తీసి చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపటికి ఒక చేప పైకొచ్చి నోరు తెరిచింది. తర్వాత ఇంకొకటి. గండయ్యకు ఏడుపొచ్చింది.

తూంకుంటలో దుకాణం అతను చచ్చిన నాలుగింటిని ఏరి పక్కన పడేశాడు. ఎండాకాలం ఈమాత్రం మామూలేననీ, జనార్ధన్ పటేలుకు చెప్పే పనిలేదనీ అన్నాడు. పని ఊడకుండా నిలబడింది. గండయ్యకు సంతోషం మాత్రం కలగలేదు. ఇదివరకు చచ్చినవాటిని ఇంట్లో తెలియకుండా దారిలోనే పారేసి వచ్చేవాడు. ఈసారి ఆ ఓపిక కూడా లేక సంచితో ఇంటికి తెచ్చాడు.

భార్య జయమ్మ సంచి విప్పి చూసింది. ఇన్నేళ్లు కొర్రమీను మోసిన ఆ ఇంట్లో ఏనాడూ కొర్రమీను కూర ఉడకలేదు. ఏమైందని అడిగింది.

"పైపు వెట్టి నిద్రవోయిన" అన్నాడు.

ఆమె చేపకు బూడిద రాసి తోముతూ కూర్చుంది. తలెత్తకుండానే అంది.

"రేపటి సంది నేనొస్త. పైపు కాడ నేను గూసుంట. నువ్వు జరసేపు పండుకో."

ఎవరి సాయమూ అడిగే మనిషి కాదు గండయ్య. వద్దనలేదు.